కోసమ్‌పాట్ కొండమీద ఫ్యాను

సెక్టర్ 7లో మా క్వార్టరు వరండాలో నిలబడి మా ఆయన రోజూ పొద్దున్నే ఫ్యాక్టరీ చిమ్నీల వంక చూసేవారు. "ఇవాళ పొగ సెక్టర్ 2 మీదకి పోతంది. అక్కడోళ్ళ బట్టలు నల్లబడిపోతాయి" అని తీర్పు చెప్పి, ఖాళీ టీ గ్లాసు నా చేతికిచ్చి స్నానానికి వెళ్ళేవారు. గాలి గురించి ఆయనకు తెలిసిందల్లా అదే. ఆ మాటకొస్తే భిలాయిలో దండెం మీద బట్టలారేసే ప్రతి ఆడదానికీ ఆ మాత్రం తెలుసు. మాలో ఎవరినీ గాలిమరల కంపెనీకి సలహాదారుగా పిలవలేదు. మా ఆయన్ని పిలిచారు.

మా ఆయన పేరు తిరుమలరావు. ఉక్కు ఫ్యాక్టరీలో స్ట్రక్చరల్ షాపులో పెద్ద ఆఫీసరుగా చేసి, గడువుకు ముందే రిటైర్మెంటు తీసుకున్నారు. ఇంట్లో కూర్చున్న కొన్నాళ్ళకే గోడ క్యాలెండరు వంకరగా ఉందని మేకు పీకి కొట్టడం, కుక్కరు కూతలు లెక్కపెట్టడం మొదలెట్టారు. నేను సెక్టర్ 2 స్కూల్లో హిందీ టీచర్ని. నేను స్కూలు నుంచి వచ్చేసరికి వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తుల వారీగా నిలబడి ఉండేవి. కాబట్టి రోలింగ్ మిల్లు సేఠ్ మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చినప్పుడు, పోనీలే, నా వంటిల్లు నాకు దక్కుతుందని సంతోషించిన మాట నిజం.

సేఠ్‌గారికి ఉన్నట్టుండి గాలి మీద ప్రేమ పుట్టింది. ఆ రోజుల్లో గాలిమర పెట్టినవాడికి ఆదాయపు పన్నులో పెద్ద రాయితీ ఉండేది. సెప్టెంబరు నెలాఖరులోపు మర తిరిగినట్టు కాగితం పుడితే రాయితీ మొత్తం దక్కేది. ఆ తర్వాత అది తిరిగిందా, తుప్పు పట్టిందా అని అడిగే నాథుడు లేడు. సేఠ్ తన మిల్లులోనే చేసిన ఇనుముతో, తన బావమరిది యార్డులోనే టవర్లు కట్టించుకుంటాడు. అన్నీ ఇంట్లోనే ఉన్నాయి, ఒక్క గాలి తప్ప.

"గాలి కొలిచారా?" అని అడిగాను నేను, సేఠ్ వెళ్ళిపోయాక.

"ఎందుకు కొలవడం?"

"అక్కడ గాలి ఉందో లేదో తెలియడానికి."

"కొండ మీద గాలుండక ఏటుంటాది? ముందు టవరు నిలబెట్టాలి. ఇనుము పనికే టైము పడతాది. గాలి దానంతటదే వస్తాది."

ఇనుముతో బతికినవాళ్ళ బుద్ధి అలాగే ఉంటుంది. ముందు పునాది, తర్వాత స్తంభం, ఆపైన రంగు. ఇవి మూడూ సరిగ్గా ఉంటే లోకంలో మిగతావన్నీ వచ్చి లైన్లో నిలబడతాయని వాళ్ళ నమ్మకం. ఏడాది పాటు కొండ మీద సన్నటి కమ్మీ పాతి, దానికి గిన్నెలు తగిలించి గాలిని కొలవాలట. ఆ ముక్క మద్రాసు నుంచి వచ్చిన మర కంపెనీ కుర్రాడు చెబితే, మా ఆయనా సేఠూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఏడాదంటే రాయితీ పోతుంది కదా.

వాళ్ళు ఎంచుకున్న కొండ కోసమ్‌పాట్. భిలాయి నుంచి జీపులో సగం రోజు ప్రయాణం. పైకెక్కితే బల్లపరుపుగా గడ్డినేల, అంచున ఒక చిన్న పల్లె. మొదటిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు అదేదో పిక్నిక్ అన్నట్టు పులిహోర కట్టించి నన్ను కూడా తీసుకెళ్ళారు. సేఠ్ తరఫున శుక్లా అనే మేనేజరు వచ్చాడు. కొండకు కాళ్ళకంటుకునే మట్టి ఉంటుందని తెలియక తెల్లబూట్లు వేసుకొచ్చి, దిగేదాకా వాటినే తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మరలకు కావలసిన చదునునేల మీద పల్లెవాళ్ళు కోదో ధాన్యం, అంటే మన అరికలు, నూర్చుకుంటారు, పశువులు మేపుకుంటారు. పల్లెపెద్ద బుధ్‌రామ్. మా ఆయన కంటే చిన్నవాడే, కానీ మనిషి ఎండిపోయి పెద్దవాడిలా కనిపించేవాడు. నేల గురించి శుక్లా ఏదో చెప్పబోతుంటే వినకుండా, ముందు మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళాడు. అతని భార్య సుకవారో ఆకుల్లో కోదో అన్నం, టమాటా పచ్చడి పెట్టింది. శుక్లా ఉపవాసమన్నాడు. మా ఆయన మాత్రం రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. ఆయన తిండి విషయంలో నాకెప్పుడూ ఫిర్యాదు లేదు.

చేతులు కడుక్కున్నాక బుధ్‌రామ్ ఒక్కటే అడిగాడు. నేల తీసుకోండి, మా ఇళ్ళకు దీపం వస్తుందా అని. మా ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ హిందీలో, షాపులో కూలీలతో మాట్లాడే గొంతుతో చెప్పారు. "ఏ రోజు చక్రం తిరుగుతుందో ఆ రోజు నీ ఇంట్లో బత్తీ వెలుగుతుంది. ఇది నా మాట."

బుధ్‌రామ్ తలూపాడు. కాగితం అడగలేదు, రెండోసారి చెప్పించుకోలేదు. తమ ఇంట్లో తిన్న మనిషి ఇచ్చిన మాటను మళ్ళీ అడగడం వాళ్ళలో మర్యాద కాదని జీపు డ్రైవరు తర్వాత చెప్పాడు.

"ఆ బత్తీ ఎలా ఇస్తారండీ?" అన్నాను, కొండ దిగుతుంటే.

"అదేటి అంత పెద్ద పనా? ఇంత మెషీను పెట్టి ఒక బల్బు వెలిగించలేమా ఏటి?"

ముందు సీట్లో శుక్లా కిసుక్కున నవ్వాడు. మా ఆయన అది తన చమత్కారానికి అనుకున్నారు.

టవర్లు లేపడానికి శ్రీకాకుళం ఖలాసీలు వచ్చారు. ఎంత బరువునైనా తాళ్ళతో, కప్పీలతో ఎత్తి నిలబెట్టేవాళ్ళు. మా ఆయన షాపులో ఉన్న రోజుల నుంచీ ఎరిగిన చిట్టిబాబు వాళ్ళకు మేస్త్రీ. వానాకాలమంతా బురదలో పనిచేసి ఆరు టవర్లు నిలబెట్టారు. ఆ మరలకు కరెంటు కలపాలి కదా, అందుకని కింద నుంచి కొండ మీదకు స్తంభాలు పాతి పెద్ద లైను లాగారు. కొండెక్కి లైను వేయడం కుదరదని బుధ్‌రామ్ తండ్రి కాలం నుంచీ చెబుతూ వచ్చిన విద్యుత్ శాఖే ఇప్పుడు చకచకా వేసేసింది. ఆ తీగలు బుధ్‌రామ్ ఇంటి పక్కనుంచే పోయాయి. ఎవరూ ఆగలేదు.

బుధ్‌రామ్ సంతకు వెళ్ళి ఒక బల్బు కొనుక్కొచ్చాడట. ఇంటి దూలానికి దారంతో కట్టి వేలాడదీశాడట. తీగ లేదు, స్విచ్చు లేదు, ఉత్త బల్బు. మా ఇంట్లో టీ తాగుతూ చిట్టిబాబే ఆ సంగతి చెప్పాడు.

"పిల్లలు దాని కిందే కూకుంటన్నారమ్మగారూ. సాబు మాటిచ్చారు, సక్రం తిరిగితే ఎలుగుద్ది అంటన్నాడు. బాబూ, ఏటి సేద్దాం?"

"చూద్దాంలే" అన్నారు మా ఆయన, బిస్కెట్టు ముంచుకుంటూ.

ప్రారంభోత్సవానికి సేఠ్ విశ్వకర్మ పూజ రోజు ఎంచుకున్నాడు. సెప్టెంబరు పదిహేడు. నెలాఖరుకు ముందే వస్తుంది, పైగా యంత్రాలకు పండగ. శుభమా, లాభమా, రెండూ ఒక్క రోజే. ఇంతమంది తెలివైన మగవాళ్ళు కూర్చుని నిర్ణయించిన ముహూర్తంలో చిన్న లోటుంది. విశ్వకర్మ పూజ రోజు పనివాడు పనిముట్టు ముట్టడు. స్పానర్లు, సుత్తులు, తాళ్ళు, కప్పీలు అన్నీ కడిగి, బొట్టు పెట్టి, దారం చుట్టి దేవుడి ముందు పెడతారు. మర్నాటి దాకా ఎవరూ కదపకూడదు. కొలిమి ఆగదు గానీ, భిలాయిలో ప్రతి షాపులో ఆ రోజు అంతే. ఆ నియమాన్ని మీరి ఒక కుర్రాడు డ్రిల్లు తిప్పాడని మా ఆయనే ఒకప్పుడు వాడిని షాపు బయట ఎండలో నిలబెట్టారు.

మేం వెళ్ళేసరికి ఖలాసీలు మర అడుగున ఉన్న తలుపుకు కూడా దారం చుట్టి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టేశారు. మంత్రిగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. బ్రేకు ఊడదీయమని శుక్లా అంటే చిట్టిబాబు చేతులు కట్టుకున్నాడు.

"ఇయ్యాల ముట్టుకోం బాబూ. తిరుమలరావుగారే నేర్పారు మాకు."

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి వచ్చిపడింది. గాలి లేదు. వానలు తెరిపిచ్చి, ఎండ కాచి, కొండంతా ఊపిరి బిగబట్టినట్టుంది. పందిరికి కట్టిన రంగుకాగితాలు ఒక్కటి కదలలేదు. మా ఆయన కర్చీఫుతో మెడ తుడుచుకుంటున్నారు. శుక్లా వచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఇద్దరూ మద్రాసు కుర్రాడి దగ్గరికి వెళ్ళారు. కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. మా ఆయన వాడి భుజం మీద చెయ్యి వేసి షెడ్డులోకి తీసుకెళ్ళారు. షెడ్డులో ఉన్నది స్విచ్చుల బీరువా, బ్రేకు అక్కణ్ణుంచి కూడా వదలొచ్చు. దానికి ఎవరూ దారం చుట్టలేదు.

కాసేపటికి మొదటి మర తిరగడం మొదలెట్టింది. మూడు పెద్ద రెక్కలు, తీరిగ్గా, గంభీరంగా. జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారు లేచి నిలబడ్డారు. సేఠ్ కళ్ళు తుడుచుకున్నాడు.

నేను దేవుడి ముందు వెలిగించిన అగరొత్తుల వంక చూశాను. అలవాటు. పొగ దారంలా తిన్నగా పైకి లేస్తోంది. ఇటు గానీ అటు గానీ వంగడం లేదు. దాని వెనక రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. అప్పుడర్థమైంది నాకు. కింద నుంచి లాగిన లైనులోంచి కరెంటు తీసుకుని ఆ మరను తిప్పుతున్నారు. కరెంటు పుట్టించే మరకు కరెంటు తాగించి ఫ్యాను చేశారు.

చుట్టూ చూశాను. పందిట్లో కూర్చున్న సగం మంది భిలాయి వాళ్ళే. పుట్టినప్పట్నుంచీ పొగ చూసి గాలి చెప్పేవాళ్ళే. అందరి కళ్ళూ ఆ అగరొత్తుల మీదే ఉన్నాయి, అందరి చేతులూ చప్పట్లు కొడుతున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చదువుకున్నవాళ్ళం, ఇంతమందిమి, ఒక్కరికైనా నవ్వు కూడా రాలేదు.

బుధ్‌రామ్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. రెక్కలు తిరగ్గానే ఇంటివైపు పరిగెత్తాడు. కొంచెంసేపటికి నడుచుకుంటూ తిరిగొచ్చాడు. జనంలోంచి తోసుకుని మా ఆయన దగ్గర నిలబడి, మెల్లిగా, ఆయన పరువుకు భంగం రానంత మెల్లిగా చెప్పాడు. బత్తీ వెలగలేదు సాబ్ అని.

"తర్వాత, తర్వాత" అన్నారు మా ఆయన. అప్పుడు ఫొటో తీస్తున్నారు.

ఆ ఫొటో హిందీ పత్రికలో వచ్చింది. సేఠ్‌కు కాగితం పుట్టింది. మా ఆయనకు శాలువా వచ్చింది. ఆ తర్వాత వానల్లో కాస్త, ఎప్పుడైనా సుడిగాలొస్తే కాస్త తప్ప ఆ మరలు తిరగలేదు. కాపలాకు ఒక వాచ్‌మన్‌ని పెట్టి, వాడి షెడ్డుకు ఒక చిన్న తీగ లాగి, అందరూ కొండ దిగారు. సేఠ్ అప్పుడే ఇంకో కొండ చూస్తున్నాడు. దానికి కూడా సలహాదారు మా ఆయనేనని మాటలు నడుస్తున్నాయి.

చలికాలంలో ఒక ఆదివారం శుక్లా జీపేసుకుని వచ్చాడు. వాచ్‌మన్ షెడ్డు తీగ మీంచి ఎవరో కొక్కెం వేసి బుధ్‌రామ్ ఇంటికి కరెంటు లాగారట. దొంగతనం కేసు పెడుతున్నారట. బుధ్‌రామ్ మాత్రం దీన్ని సాబే ఇచ్చాడంటున్నాడట.

"మీరొచ్చి హవల్దారు ముందు ఇవ్వలేదని ఒక్క మాట చెబితే చాలు, రావు సాబ్. కొత్త కొండ సంగతి వచ్చేవారం సేఠ్‌జీ మీతో ఖాయం చేసుకుంటారు" అన్నాడు.

"నేనూ వస్తాను" అన్నాను.

"నువ్వెందుకు?" అన్నారు మా ఆయన.

"పులిహోర కట్టలేదు కాబట్టి నేనెందుకంటారా?" అని చెప్పులు తొడుక్కున్నాను.

దారిలో ఆయనే ఊరుకోలేక చెప్పారు. ఖలాసీలు సామాన్లు సర్దుకుని వెళ్ళేరోజు చిట్టిబాబు అడిగాడట, ఆ పిల్లల కోసం తీగ లాగేదా బాబూ అని. ఈయన అవుననలేదట, కాదనలేదట. చిట్టిబాబు తీగ లాగి, సాబే ఇమ్మన్నారని బుధ్‌రామ్‌తో చెప్పి వెళ్ళాడు. మా ఆయన పరువు నిలబెట్టడానికి ఒక ఖలాసీ అబద్ధమాడాల్సి వచ్చింది.

బుధ్‌రామ్ ఇంట్లో పట్టపగలే బల్బు వెలుగుతోంది. స్విచ్చు లేదుగా మరి. దాని కింద నేల అలికి ముగ్గు పెట్టి ఉంది. ముగ్గు చుట్టూ పిల్లలు కూర్చున్నారు. హవల్దారు నులక మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. వాచ్‌మన్ గుమ్మం పక్కన నిలబడ్డాడు. మమ్మల్ని చూడగానే బుధ్‌రామ్ ముఖం విప్పారింది.

"తుంహర్ బాత్ సచ్ హోగే సాహెబ్" అన్నాడు. మీ మాట నిజమైంది అని.

హవల్దారు లేచి, మర్యాదగానే అడిగాడు. ఈ కరెంటు తీసుకోమని తమరే చెప్పారా అని.

మా ఆయన కళ్ళజోడు తీశారు. కర్చీఫుతో తుడిచారు. పెట్టుకున్నారు. బయటకు చూశారు. అక్కడ ఆయన నిలబెట్టిన ఆరు టవర్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. కొత్త కొండ కూడా కనిపించే ఉంటుంది ఆయనకు. షాపులో ముప్ఫై ఏళ్ళు నా మాటంటే మాటే అని గోలపెట్టిన మనిషి నోట్లోంచి ఒక్క అక్షరం రాలేదు. హవల్దారు రెండోసారి అడిగాడు. శుక్లా విసుక్కుని వాచ్‌మన్‌కు సైగ చేశాడు. వాడు కర్ర పట్టుకుని బయటికి వెళ్ళాడు. మా ఆయన అది చూశారు. చూసి, మళ్ళీ కళ్ళజోడు తీశారు.

నాకు అసహ్యం వేసింది. ఇంత జీవితం ఈయన గ్లాసులు కడుగుతూ బతికానా అనిపించింది. నేనే నోరు విప్పబోతున్నాను, బల్బు ఆరిపోయింది.

పిల్లలు తలలెత్తి పైకి చూశారు. చిన్నది ఏడుపు మొదలెట్టింది. బుధ్‌రామ్ దాన్ని ఎత్తుకుని, మా ఆయన వైపు చూపిస్తూ, నవ్వుతూ చెప్పాడు.

"సాహెబ్ ఆయ్ హే. బనా దిహి." సాబ్ వచ్చారుగా, బాగుచేస్తారు అని. తర్వాత లోపలికి తిరిగి, సాబ్ తింటారు, ఆకులు వెయ్యమని సుకవారోకు చెప్పాడు.

మా ఆయన మెడ కిందికి వాలిపోయింది. "నేనే ఇమ్మన్నాను" అన్నారు హిందీలో. తలెత్తి మళ్ళీ అన్నారు. "నేనే ఇమ్మన్నాను. ఇతనిది తప్పు లేదు. రాసుకోండి, నా పేరు రాసుకోండి."

హవల్దారు బీడీ పారేసి శుక్లా వంక చూశాడు. పెద్ద ఆఫీసరు మీద కేసు రాసే ఓపిక అతనికీ లేదు. శుక్లా మమ్మల్ని అక్కడే వదిలేశాడు. హవల్దారునీ వాచ్‌మన్‌నీ ఎక్కించుకుని జీపు తీసుకుని వెళ్ళిపోయాడు. వాచ్‌మన్ ఊడలాగిన తీగ చుట్ట కూడా పట్టుకుపోయాడు.

మేం సుకవారో పెట్టింది తిన్నాం. మా ఆయన ఈసారి రెండోసారి వడ్డించుకోలేదు. బస్సు దొరికే రోడ్డు దాకా నడిచి దిగాలి. పొద్దు వాలుతోంది. సగం దూరం వచ్చాక ఆయన నడక కాస్త తేలికైంది, నా పక్కకు వచ్చారు. క్లాసులో లెక్క సరిగ్గా చేసిన పిల్లాడి మొహం పెట్టారు.

"చూసేవా, చెప్పీసేను. సేఠ్ పోతే పోనీ. ఏటంటావు?"

"చెప్పారు. ఆ ముక్కేదో మొదటిసారి అడిగినప్పుడే చెప్పుంటే తీగ ఉండేది."

ఆయన ఆగిపోయారు. నేను ఆగలేదు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే పల్లె అంతా చీకటిగా ఉంది. వాచ్‌మన్ జీపులో దిగిపోయాడు. వాడి షెడ్డులో బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది.